విశాఖ వీధుల్లో కారు ఆపే చోటా, సైకిల్ స్టేషనా? ఏ వీధికి ఏది మేలు

మా కాలనీ సంఘం సమావేశంలో సైకిల్ స్టేషన్ మాట ఎత్తితే చాలు, కూర్చున్నవాళ్లు రెండు వర్గాలైపోతారు. "ఉన్న చోటు కార్లకే చాలడం లేదు, అందులోంచి సైకిళ్లకు కూడా ఇస్తారా?" అని ఒక వైపు. "రోడ్డంతా కార్లకే ఇచ్చేశాం, మనుషులు నడవడానికి జాగా ఏది?" అని ఇంకో వైపు. నాకు కారు ఉంది, సైకిలూ ఉంది, కాబట్టి రెండు బాధలూ తెలుసు. విశాఖ మొత్తానికి కలిపి ఒకే జవాబు చెప్పలేం గానీ, ఒక్కో వీధిని విడిగా తీసుకుంటే ఏది మేలో చాలావరకు తేల్చుకోవచ్చని నా నమ్మకం. మీ వీధి గురించి ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు సైకిల్ షేరింగ్ అంటే ఏమిటో ఒక మాట. మన చిన్నప్పుడు అద్దె సైకిళ్ల షాపులు ఉండేవి. గంటకింత అని సైకిల్ తీసుకుని, తిరిగి తిరిగి, టైము దాటకుండా మళ్లీ ఆ షాపుకే తెచ్చి అప్పజెప్పాలి. ఇప్పటి పద్ధతిలో ఒక స్టేషన్లో తీసుకుని, పని ఉన్న చోటికి దగ్గర్లో ఇంకో స్టేషన్లో పెట్టేయొచ్చు. తేడా చిన్నగా కనిపిస్తుంది గానీ అసలు సంగతంతా అందులోనే ఉంది. మీరు వెళ్లే చోట స్టేషన్ లేకపోతే ఆ సైకిల్ మీకు ఎందుకూ పనికిరాదు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు రెండు స్టేషన్ల మధ్య దూరం దాదాపు 300 మీటర్లు మించకూడదని, ఒక చదరపు కిలోమీటరుకు 10 నుంచి 16 స్టేషన్లు ఉండాలని చెబుతారు. ఊరంతటికీ నాలుగు స్టేషన్లు, అదీ బీచ్‌లోనే పెడితే, అది సరదా షికారు అవుతుందే తప్ప ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవాడికి అక్కరకు రాదు.

ఐదు మీటర్ల లెక్క

రోడ్డు అంచున వరుసగా ఆపిన ఒక కారుకు సుమారు 5 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు జాగా కావాలి. అదే జాగాలో సైకిళ్లను అడ్డంగా నిలబెడితే, ఒక్కోదానికి 60 సెంటీమీటర్ల చొప్పున ఎనిమిది పడతాయి. స్కూటర్లయితే ఐదో ఆరో.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఎనిమిది సైకిళ్లు పట్టే చోట ఎనిమిది సైకిళ్లూ పెట్టేస్తే, బయటి నుంచి వచ్చేవాడు తన సైకిల్ ఎక్కడ పెట్టాలి? ఖాళీ డాక్‌లు (సైకిల్‌కు తాళం పడే స్టాండ్లు) ఉండాలి. ఒక సైకిల్‌కు రెండు నుంచి రెండున్నర డాక్‌లు అన్నది మామూలు లెక్క. అంటే ఒక కారు జాగాలో నికరంగా తిరిగేవి నాలుగు సైకిళ్లే. ఈ పద్ధతి బాగా సాగే ఊళ్లలో ఒక్కో సైకిల్‌ను రోజుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వాడతారు. తక్కువలో తక్కువ నాలుగే అనుకున్నా, ఆ జాగా నుంచి రోజుకు 16 ప్రయాణాలు.

ఇప్పుడు కారు వైపు చూడండి. పొద్దున్న తొమ్మిదికి ఆపి సాయంత్రం ఆరుకు తీసే కారు ఆ జాగాను ఒక్కరికే కట్టబెడుతుంది. అదే జాగాలో అరగంట మించి ఆపకూడదని నియమం పెట్టి, గట్టిగా అమలు చేస్తే, ఆ తొమ్మిది గంటల్లో 18 కార్ల వరకు వచ్చిపోవచ్చు. మందుల షాపుకో, టిఫిన్ పార్సిల్‌కో వచ్చినవాళ్లు వీళ్లు. కాబట్టి చిన్న పని మీద వచ్చిపోయే కారుకు, సైకిల్ స్టేషన్‌కు పెద్ద తగాదా ఏమీ లేదు. రెండింటినీ దెబ్బతీసేది రోజంతా కదలని కారు. అది చాలాసార్లు షాపుకు వచ్చే కస్టమర్‌ది కాదు. షాపువాళ్లదో, పై అంతస్తు ఆఫీసు వాళ్లదో అయి ఉంటుంది. ఈ మాట వర్తక సంఘాల్లో చెబితే ముందు కోపం వస్తుంది, తర్వాత ఎవరి కారు ఎక్కడుందో వాళ్లకే గుర్తొస్తుంది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే "సైకిళ్లు వస్తే పార్కింగ్ పోతుంది" అన్న భయం దీనితోనే తగ్గుతుంది. స్టేషన్‌కు రెండు కారు జాగాలు చొప్పున, చదరపు కిలోమీటరుకు 10 నుంచి 16 స్టేషన్లు పెడితే పోయేది 20 నుంచి 32 కార్ల జాగా. ఎం.వి.పి. కాలనీ లాంటి చోట ఒక చదరపు కిలోమీటరులో ఎన్ని కార్లు రోడ్డు మీద ఉంటాయో మీరే ఊహించండి. ఆ 20 కూడా కార్ల నుంచే తీసుకోనక్కర్లేదు. అదెలాగో చూద్దాం.

స్టేషన్ ఎక్కడ పెట్టాలి

నన్ను అడిగితే మొదట చూడాల్సింది వీధి మూల. కూడలి దగ్గర, మలుపులో, బస్టాపు దగ్గర, ఫుట్‌పాత్ మీద బండి ఆపకూడదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. అయినా మన దగ్గర మొదట నిండేవి ఆ మూలలే. మూలన కారు ఉంటే అడ్డరోడ్డులోంచి వచ్చేవాడికి ఎదురు బండి కనపడదు, రోడ్డు దాటే పిల్లాడు బండివాడికి కనపడడు. అదే చోట నడుము ఎత్తు సైకిళ్లు ఉంటే చూపు ఆనుతుంది. అక్కడ స్టేషన్ పెడితే హక్కుగా ఉన్న పార్కింగ్ ఒక్కటి కూడా పోదు, ప్రమాదం కూడా తగ్గుతుంది. బస్సు తిరిగే మలుపు అయితే మాత్రం ట్రాఫిక్ పోలీసులను అడిగి కొలత తీసుకోవాలి.

మూల దొరకకపోతే రెండో ఎంపిక, రోడ్డు అంచున ఒకటి రెండు కారు జాగాలు తీసి అక్కడ పెట్టడం. ప్యారిస్‌లో 2007 జూలైలో వెలిబ్ అనే సైకిల్ షేరింగ్ పథకం మొదలైనప్పుడు చాలా స్టేషన్లు అలాగే వచ్చాయి. న్యూయార్క్‌లో 2013 మే నెలలో సిటీ బైక్ మొదలైనప్పుడూ అంతే, పార్కింగ్ పోయిందని అక్కడా జనం గొడవ చేశారు. న్యూయార్క్ పద్ధతిలో నాకు నచ్చినది ఒకటుంది. స్టేషన్‌ను ఇనుప పలకల మీద బిగించి, సోలార్ కరెంటుతో నడిపారు. రోడ్డు తవ్వలేదు. చోటు కుదరకపోతే లేపి పక్కన పెట్టొచ్చు. తవ్విన రోడ్డు మళ్లీ పూడ్చడానికి మన దగ్గర ఎంత కాలం పడుతుందో తెలుసు కదా, అందుకని ఈ పద్ధతికి నేను గట్టిగా ఓటేస్తాను.

ఆవరణల్లో పెట్టడం మూడోది: ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్, ఆంధ్రా యూనివర్సిటీ, పార్కుల గేటు దగ్గర. ఇక్కడ పార్కింగ్ తగాదా ఉండదు, కాపలా కూడా దొరుకుతుంది. కానీ గేటుకు లోపల, ఎక్కడో వెనకాల సైకిల్ స్టాండు పక్కన పెడితే ఎవరికీ కనిపించదు. బస్సు దిగినవాడికి పది అడుగుల్లో కనపడాలి.

ఫుట్‌పాత్ మీద మాత్రం పెట్టొద్దు. ఈ విషయంలో నేను రాజీ పడలేను. మన ఊళ్లో ఫుట్‌పాత్ అంటేనే సగం చోట్ల కాలువ మీద వేసిన పలకలు. మిగిలిన చోట ట్రాన్స్‌ఫార్మర్, షాపు మెట్లు, బోర్డులు. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ కూరగాయలకు వెళ్లాలంటే నాలుగు సార్లు ఫుట్‌పాత్ దిగి ఎక్కుతుంది. కార్ల జోలికి వెళ్లలేక, నోరులేని నడిచేవాళ్ల జాగాలో సైకిళ్లు పెట్టడం అన్యాయం. రెండు మీటర్ల దారి పూర్తిగా మిగిలేంత వెడల్పు ఉంటే, బీచ్ రోడ్డు లాంటి ఒకటి రెండు చోట్ల ఆలోచించొచ్చు, అంతే.

డాక్‌లు లేకుండా రోడ్డు మీద గడి గీసి, యాప్‌తో తాళం తీసే పద్ధతి ఇంకొకటి ఉంది. ఖర్చు తక్కువ. కానీ గడిలో పెట్టాలన్న నియమాన్ని ఎవరూ చూసుకోకపోతే సైకిళ్లు ఎక్కడపడితే అక్కడ పడి ఉంటాయి, గడిలోకి స్కూటర్లు వచ్చేస్తాయి. విశాఖలో స్కూటర్ ఖాళీ జాగాను ఎంత త్వరగా కనిపెడుతుందో అందరికీ తెలుసు. కాబట్టి గడి చుట్టూ కనీసం ఇనుప గుంజలైనా ఉండాలి.

పార్కింగ్ వైపు ఉన్న దారులు

అందరికీ ఉచితంగా వదిలేయడం, రుసుము పెట్టడం, సమయం పరిమితి పెట్టడం, బయట పార్కింగ్ భవనం కట్టడం. ఇవే ఉన్న దారులు. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం పార్కింగ్ రుసుము ఆ నేల విలువను బట్టి ఉండాలని చెప్పింది. ద్వారకానగర్లో గజం నేల ధర ఎంతో కొనబోయినవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆ నేలను పన్నెండు చదరపు మీటర్లకు పైగా, రోజంతా, ఏమీ ఇవ్వకుండా వాడుకుంటున్నాం.

పార్కింగ్ గురించి జీవితమంతా పరిశోధించిన అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షౌప్ ఒక సులువైన కొలత చెప్పాడు: వీధిలో వంద జాగాలుంటే 85 నిండి, 15 ఖాళీగా ఉండేలా రుసుము పెట్టాలి. ఎప్పుడొచ్చినా ఒకటి రెండు ఖాళీలు కనిపిస్తే, జాగా కోసం రౌండ్లు కొట్టే కార్లు తగ్గుతాయి. జగదాంబలో పండగ ముందు శనివారం సాయంత్రం కారు నడిపినవాళ్లకు ఈ మాట విలువ వెంటనే అర్థమవుతుంది. ఆ ట్రాఫిక్‌లో ఎంతమంది నిజంగా ఎక్కడికో వెళ్తున్నారు, ఎంతమంది జాగా కోసం తిరుగుతున్నారు?

జగదాంబ, సిరిపురం ప్రాంతాల్లో బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టారు. మంచిదే. కానీ ఎదురుగా రోడ్డు మీద ఉచితంగా ఆపనిస్తే, డబ్బు కట్టి పైకి ఎవరు ఎక్కిస్తారు? భవనం చుట్టూ నడక దూరంలో ఉన్న రోడ్డు జాగాకు లోపలి కంటే ఎక్కువ రుసుము ఉండాలి. అప్పుడు రోజంతా ఉండే కారు లోపలికి వెళ్తుంది, రోడ్డు మీద అరగంట పనివాళ్లకు, ఒక సైకిల్ స్టేషన్‌కు జాగా దానంతటదే మిగులుతుంది.

ఏ ప్రాంతానికి ఏది

బీచ్ రోడ్డు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పొద్దున్నపూట ఆర్.కె. బీచ్ దగ్గర వాహనాలు ఆపేసి రోడ్డును నడిచేవాళ్లకు, పిల్లలకు వదులుతారు. ఆ గంటల్లో సైకిల్‌కు అంతకంటే మంచి చోటు దేశంలోనే తక్కువ. సాయంత్రమైతే కథ మారుతుంది. ఊరి నలుమూలల నుంచి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. 2002 నుంచి ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియం, ఎదురుగా 2017లో వచ్చిన టీయూ-142 విమానం మ్యూజియం చూడటానికి ముసలివాళ్లను, చంటిపిల్లలను తీసుకుని కార్లలో వచ్చేవాళ్లను కాదనలేం. అక్కడ కారు జాగా పూర్తిగా తీసేయమని నేను చెప్పను. శని, ఆదివారాల సాయంత్రాలు రుసుము పెంచి, రెండు మ్యూజియాల మధ్య ఒకటి, కాళీమాత గుడి దగ్గర ఒకటి, వుడా పార్కు దగ్గర ఒకటి పెద్ద స్టేషన్లు పెడితే, ఒక చివర కారు ఆపినవాళ్లు మిగతా బీచ్ సైకిల్ మీద చూడొచ్చు. ప్రతి చోటికీ కారు తీసి మళ్లీ పార్కింగ్ వెతుక్కునే పని తప్పుతుంది. ఇక్కడ సైకిల్, పార్కింగ్ ఒకదానికొకటి తోడు.

ద్వారకానగర్లో నేను నేరుగా సైకిల్ వైపే. కోచింగ్ సెంటర్ల పిల్లలు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగేవాళ్లు, చుట్టుపక్కల హాస్టళ్లు. రెండు కిలోమీటర్ల లోపు ప్రయాణాలే ఎక్కువ. అది సైకిల్ మీద పది నిమిషాలు. ఒక్కో అడ్డవీధి మూలన ఒక చిన్న స్టేషన్ పెట్టొచ్చు.

జగదాంబ, డాబాగార్డెన్స్ లాంటి వ్యాపార వీధుల్లో మొదట చేయాల్సింది కారుకు సమయం పరిమితి. స్టేషన్ తర్వాత. ముందే స్టేషన్ పెట్టి నాలుగు కారు జాగాలు తీస్తే, షాపుల బేరం తగ్గిన ప్రతిసారీ తప్పు సైకిల్ మీదికి వస్తుంది.

పూర్ణా మార్కెట్ లోపల రెండూ వద్దు. అక్కడ అంచు జాగా సరుకు దించే ఆటోలది, తోపుడు బండ్లది. వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ ఇస్తోంది, వాళ్లను లేపేసి పెట్టిన స్టేషన్ నిలబడదు, నిలబడకూడదు కూడా. మార్కెట్ బయట, నడిచి వచ్చే దూరంలో పెట్టండి. కేజీహెచ్ ఆసుపత్రి గేటు దగ్గర కూడా అంతే. అంబులెన్స్, ఆటో, రోగిని దించే కారు, వీటి తర్వాతే ఏదైనా.

ఎం.వి.పి., సీతమ్మధార లాంటి కాలనీల్లో రైతుబజారు పక్కన, పార్కు పక్కన ఒక్కో స్టేషన్ చాలు మొదట్లో. అపార్ట్‌మెంట్ల ముందు రాత్రంతా ఉండే కార్ల జోలికి వెళ్లే ముందు, కింద స్టిల్ట్‌లో కార్ల కోసం వదిలిన జాగా గోడౌన్‌గానో షాపుగానో మారిందేమో చూడండి. చాలాచోట్ల రోడ్డు మీది పార్కింగ్ సమస్య అక్కడే మొదలైంది.

ఎత్తుపల్లాలు, ఉప్పుగాలి

మైసూరులో 2017లో ట్రిన్ ట్రిన్ పేరుతో 450 సైకిళ్లు, 48 స్టేషన్లతో పథకం మొదలైంది. అక్కడి లెక్క ఇక్కడ అలాగే దించేయలేం. మనది ఎత్తుపల్లాల ఊరు. కేజీహెచ్ డౌన్ అని బస్టాపు పేరులోనే ఉంది. సిరిపురం నుంచి పాండురంగాపురం మీదుగా బీచ్‌కు సైకిల్ దానంతటదే దిగుతుంది, తిరిగి ఎక్కేటప్పుడు మే నెల ఉక్కలో ప్రాణం పోతుంది. ఫలితంగా సాయంత్రానికి కింద స్టేషన్లు నిండిపోతాయి, పైన ఖాళీ. ప్యారిస్‌లో ఎత్తు మీది స్టేషన్లలో సైకిల్ పెట్టినవాళ్లకు అదనంగా 15 నిమిషాలు ఉచితంగా ఇచ్చారు. మనకూ అలాంటిది కావాలి, లేదా గేర్ల సైకిళ్లు, బ్యాటరీ సైకిళ్లు కొన్ని కలపాలి. ఎత్తు మీద చిన్న స్టేషన్, పల్లంలో ఖాళీ డాక్‌లు ఎక్కువున్న పెద్ద స్టేషన్ అన్న సూత్రం పెట్టుకుంటే ఏ వీధిలో ఎన్ని కారు జాగాలు అడగాలో కూడా తేలుతుంది.

ఉప్పుగాలి ఇంకో శత్రువు. సముద్రానికి దగ్గరలో మామూలు ఇనుము ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. బీచ్ స్టేషన్లకు గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) స్టాండ్లు, వారం వారం గొలుసుకు నూనె, నెలకోసారి తాళాల తనిఖీ ఒప్పందంలో రాసి ఉండాలి. పనిచేయని స్టేషన్ కారు జాగాను ఊరికే మింగేసినట్టే. సగం సైకిళ్లు పాడై మూలన పడి ఉంటే, ఆ జాగా కారుకే తిరిగి ఇవ్వమని అడిగే హక్కు వీధివాళ్లకు ఉండాలి. సైకిల్ అంటే ప్రాణం పెట్టేవాడిని, అయినా ఈ మాట అంటున్నాను.

ఇంకొకటి. పాలు పోసేవాళ్లు, పేపర్ వేసే కుర్రాళ్లు, భవనాల పనికి వెళ్లే మేస్త్రీలు సొంత సైకిళ్ల మీద తిరుగుతారు. స్టేషన్ పక్కన వాళ్ల కోసం నాలుగు మామూలు ఇనుప కమ్మీల స్టాండు పెట్టండి. యాప్ లేదు, డబ్బు లేదు, తాళం వేసుకుని వెళ్లిపోతారు.

మీ వీధిలో తేల్చుకోవడం

ఒక మామూలు మంగళవారం, ఒక శనివారం ఎంచుకోండి. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు గంటకోసారి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఆగి ఉన్న ప్రతి కారు నంబరులో చివరి నాలుగు అంకెలు రాసుకోండి. స్కూటర్లు, తోపుడు బండ్లు, ఆటోలు విడిగా లెక్కపెట్టండి. ఒకే నంబరు ఐదారు గంటలు వరసగా కనపడితే అది రోజంతా ఉండే కారు. సగం జాగాలు అలాంటివే అయితే సమయం పరిమితి, రుసుము అడగండి, వాటిలోంచి రెండు జాగాలు స్టేషన్‌కు వస్తాయి. నంబర్లు గంట గంటకూ మారుతుంటే ఆ జాగా బాగానే పనిచేస్తోంది, దాన్ని వదిలేసి మూలలు చూడండి. సాయంత్రం కూడా ఖాళీలు మిగులుతుంటే ఇక వాదనే అక్కర్లేదు.

ఆ కాగితాలు పట్టుకుని వార్డు సచివాలయానికి, అక్కడి నుంచి జీవీఎంసీకి (నగర పాలక సంస్థకు), ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి వెళ్లండి. మూడు నెలల ప్రయత్నంగా, తవ్వకుండా, లేపగలిగే స్టేషన్ అడగండి. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు వదిలేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా ఊడబెరికిందో చూసినవాళ్లం, బిగించని ఇనుము ఎంత దూరం ఎగురుతుందో మనకు తెలుసు. డిసెంబరులో మొదలుపెడితే చల్లని మూడు నెలలు చేతిలో ఉంటాయి, మొదటిసారి ఎక్కేవాళ్లకు టెన్షన్ ఉండదు. మార్చిలో అదే మంగళవారం, అదే శనివారం పద్ధతిలో మళ్లీ లెక్కపెట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి సంఘం సమావేశంలో అందరికీ చూపించండి.